కింద పళ్ళు గట్టిగానే ఉన్నాయి, మరి పై సెట్టు ఎందుకు నిలవట్లేదు?

పళ్ళ డాక్టరునని నాకు పలాస పక్క పల్లె నుంచి ఒక కోడలు వాళ్ళ అత్తగారి గురించి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. పేరు, ఊరు వేయొద్దంది కాబట్టి వేయట్లేదు, సంగతి మాత్రం క్లుప్తంగా చెప్తాను.

అత్తగారికి 63 ఏళ్ళు. 20 ఏళ్ళు జీడిపిక్కల పనిలో కష్టపడి ఇద్దరు కొడుకుల్ని, ఒక కూతుర్ని పెంచింది. 9 ఏళ్ళుగా షుగరు ఉంది. దాదాపు 30 ఏళ్ళు అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని తాగింది, పై పళ్ళు కదిలిపోయి అన్నీ తీయించేశాక రెండేళ్ళ కిందట మానేసింది. ఇప్పుడు పైన ఒక్క పన్నూ లేదు. కింద మాత్రం ముందు వైపు 8 పళ్ళు గట్టిగా ఉన్నాయి, ఎడమ వైపు వెనకాల ఒక దవడ పన్ను ఉంది, అది మిగతావాటి కంటే బాగా పైకి లేచిపోయి ఉంది. మొదటి కట్టుడు పళ్ళ సెట్టు 8,000 రూపాయలు పెట్టి కట్టించారు, అయిదు నెలలకి జంతిక కొరుకుతుంటే సరిగ్గా మధ్యలో రెండు ముక్కలైంది. అతికించారు, రెండు నెలలకి మళ్ళీ అక్కడే విరిగింది. ఈసారి ఇంట్లోనే కొడుకు క్విక్ గమ్ము పెట్టి అతికించాడు, అది వారం కూడా ఉండలేదు. రెండో సెట్టు వేరే ఊళ్ళో 12,000 పెట్టి కట్టించారు. అది విరగలేదు గానీ నిలవట్లేదు, ముందు పళ్ళతో ఏదైనా కొరికితే వెనకాల ఊడి కిందకి జారిపోతోంది. పై చిగురు ముందు భాగం వేలితో నొక్కితే మెత్తగా అటూ ఇటూ కదులుతోందట, అంగిలి అంతా ఎర్రగా ఉందట. పళ్ళు లేని మొహం ఎవరూ చూడకూడదని రాత్రి కూడా సెట్టు తీయదు. ఒకసారి అందరి ముందూ సెట్టు జారి కంచంలో పడితే మనవడు నవ్వాడు, అప్పట్నించి అందరూ తిన్నాక వంటింట్లో ఒక్కతే కూర్చుని తింటోంది.

ఇప్పుడు గొడవ ఏంటంటే, రెండో సెట్టు కట్టిన డాక్టరు కింద ఉన్న 9 పళ్ళూ పీకేసి పైనా కిందా ఫుల్ సెట్టు వేద్దాం, ఏ బాధా ఉండదు అన్నారు. పెద్దకొడుకు, అంటే ఈ అమ్మాయి భర్త, సరేనన్నాడు. వైజాగ్‌లో ఉన్న చిన్నకొడుకు పైన ఇంప్లాంట్లు, అంటే ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేర్లు, వేయిద్దాం అంటాడు, ఆ ఖర్చు లక్షల్లో ఉంది, ఎవరెంత పెట్టుకోవాలి అన్న దగ్గర అన్నదమ్ములకి నెల నుంచి మాటల్లేవు. అత్తగారేమో "నా కింద పళ్ళ మీద చెయ్యేస్తే ఊరుకోను, నాకే సెట్టూ వద్దు, గంజి తాగి బతుకుతాను" అంటోంది. రెండున్నర నెలల్లో కూతురి కూతురి పెళ్ళి. ఎవరి మాట సరైనదో చెప్పండి, నేను నోరు తెరిస్తే కోడలు పెత్తనం అంటారు, అని రాసింది ఆ అమ్మాయి.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అత్త గురించి ఇంత వివరంగా, చిగురు ఎక్కడ మెత్తగా ఉందో, పన్ను ఎంత పైకి లేచిందో కూడా చూసి రాశారు, అందుకే దూరం నుంచి కూడా నేను కొంచెం ధైర్యంగా మాట్లాడగలుగుతున్నాను. అయినా నోరు చూడకుండా చెప్తున్న మాట ఇది, కాబట్టి చివరి మాట చేత్తో పట్టి చూసిన డాక్టరుదే అని గుర్తు పెట్టుకోండి.

ఒకటి మాత్రం ముందే చెప్పేస్తాను. కింద పళ్ళు పీకనివ్వనని మీ అత్తగారు పట్టుబట్టారే, నాకు తెలిసినంతవరకు ఆవిడ మాటలో న్యాయం ఉంది. భయంతో అన్నారో, మొండితనంతో అన్నారో, ఏదైనా గానీ ఇంట్లో అందరికంటే ఆవిడే సరైన చోట ఆగారు. మీరు చెప్పినట్టు ఆ 8 పళ్ళు నిజంగా గట్టిగా ఉంటే వాటిని తీయడం చిట్టచివరి మాట కావాలి, మొదటి మాట కాకూడదు.

అయితే పళ్ళ కంటే ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది, ఇది ఈ వారంలోనే జరగాలి. 30 ఏళ్ళు అడ్డపొగ అన్నారు. మన శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఎంతమంది తల్లులు, అమ్మమ్మలు చుట్ట వెలుగుతున్న వైపు నోట్లో పెట్టుకుని తాగేవారో మీకూ తెలుసు, ఇంటి పని చేసుకుంటూ, వల అల్లుకుంటూ, గాలికి ఆరిపోకుండా అలా తాగేవారు. ఆ నిప్పు సెగ తిన్నగా అంగిలికి తగుల్తుంది. గట్టి అంగిలి మీద కాన్సర్ రావడం మిగతా చోట్ల చాలా అరుదు, అడ్డపొగ ఉన్న మన వైపు మాత్రం డాక్టర్లు దాన్ని తరచూ చూస్తారు, దీని మీద 1960ల నుంచి మన జిల్లాల్లో పరిశోధనలు కూడా జరిగాయి. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పట్లేదు తల్లీ. ఎక్కువమందిలో అంగిలి తెల్లగా మందంగా అయ్యి మధ్యమధ్యలో ఎర్ర చుక్కలతో ఉంటుంది, మానేస్తే చాలావరకు తగ్గుతుంది కూడా. కానీ మీ అత్తగారి అంగిలి మీద పగలూ రాత్రీ ఒక ప్లేటు కప్పి ఉంది, దాని కింద ఏముందో ఎవరూ సరిగ్గా చూడలేదు. ఆ ఎరుపు రాత్రిళ్ళు సెట్టు తీయకపోవడం వల్ల వచ్చిన ఫంగస్సే కావొచ్చు, షుగరు ఉన్నవాళ్ళలో అది మామూలే, నా అనుమానం కూడా దాని మీదే. కానీ అనుమానంతో వదిలేసే విషయం కాదిది. సెట్టు తీయించి మంచి వెలుతురులో అంగిలి మొత్తం చూపించండి, ఎన్నేళ్ళు తాగారో మీరే నోరు తెరిచి చెప్పండి, ఎందుకంటే డాక్టరు అడిగితే ఆవిడ సిగ్గుపడి లేదు అనేస్తారు. రెండు మూడు వారాలు దాటినా మానని పుండు గానీ, గరుకుగా ఉండి గీకితే పోని మచ్చ గానీ కనిపిస్తే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపమనండి. అది తేలాకే కొత్త సెట్టు కొలతలు. అడ్డపొగ మానేసినందుకు ఆవిడకి ఇంట్లో ఎవరైనా శభాష్ అన్నారా? 30 ఏళ్ళ అలవాటు అది, అనకపోతే ఇవాళ మీరు అనండి.

ఇక సెట్టు సంగతి. మీ ఇంట్లో అందరూ సెట్టు బాగోలేదు, కట్టినవాళ్ళు సరిగ్గా కట్టలేదు అనుకుంటున్నారు. ఆ రెండు సెట్లనీ నేను చూడలేదు గానీ, మీరు రాసిన దాన్ని బట్టి రోగం పైన లేదు, కింద ఉంది.

మన సొంత పన్ను ఎముకలో దిగబడి ఉంటుంది, చుట్టూ సన్నటి నరాలూ నారపోగులూ పట్టుకుని ఉంటాయి, అందుకే జంతిక కూడా పటుక్కున కొరకగలం. పై సెట్టుకి అలాంటి వేరు లేదు, తడి చిగురు మీద ఉమ్మి జిగురుతో, గాలి చొరబడకుండా పట్టుకుని కూర్చుంటుంది అంతే. పైనా కిందా సెట్టు ఉన్నవాళ్ళు కొరికే బలం సొంత పళ్ళున్నవాళ్ళ బలంలో నాలుగో వంతో అయిదో వంతో ఉంటుంది, కాబట్టి రెండు సెట్లు ఒకదాన్నొకటి పెద్దగా బాధపెట్టవు. మీ అత్తగారి నోట్లో మాత్రం కింద వేరున్న పళ్ళు, పైన వేరు లేని ప్లేటు. కింది పళ్ళు వాటి బలంతో అవి తోస్తాయి, ప్లేటు తట్టుకోలేదు. దంత వైద్యంలో ఫుల్ సెట్టు రెండూ కట్టడం కంటే సొంత పళ్ళకి ఎదురుగా ఒక్క సెట్టు కట్టడమే కష్టం అని మేం చదువుకునే రోజుల్లోనే మా సార్లు చెప్పేవారు, బయట జనం మాత్రం ఒక్కటే కదా సగం పని అనుకుంటారు.

మధ్యలోనే ఎందుకు విరిగింది అంటే, పళ్ళు తీశాక చిగురు కింది ఎముక కరుగుతూ పోతుంది, మొదటి ఏడాది మరీ ఎక్కువగా. అంగిలి మధ్య గీత మాత్రం గట్టిగా ఎముక మీదే ఉంటుంది, అది కరగదు. దాంతో అటూ ఇటూ పక్కలు దిగిపోయి ప్లేటు మధ్య గీత మీద తక్కెడలా నిలబడుతుంది. కొరికినప్పుడల్లా రెండు పక్కలూ వెంట్రుకవాసి వంగుతాయి, రోజుకి కొన్ని వందల సార్లు. తీగని అటూ ఇటూ వంచుతూ పోతే ఒక చోట తెగినట్టు, పై పెదవి లోపల ఈనె కోసం ప్లేటుకి ముందు గాడి పెడతారు చూడండి, అక్కడ మొదలై వెనక్కి చీలుకుంటూ పోతుంది. జంతిక పాపం ఏమీ చేయలేదు, ఆ రోజు దాని వంతు వచ్చింది అంతే. అతికించినా మళ్ళీ అక్కడే విరగడానికి కారణం కూడా ఇదే, వంగడం ఆగలేదు కదా. ఇంట్లో గమ్ముతో మాత్రం ఇంకెప్పుడూ అతికించకండి, ఆ గమ్ము నోట్లో పెట్టుకునేది కాదు, పైగా ముక్కలు ఒక పిసరు పక్కకి అతుక్కున్నా తర్వాత డాక్టరు కూడా సరిచేయలేరు.

రెండోది, ఆ పైకి లేచిన దవడ పన్ను. ఎదురుగా పన్ను లేకపోతే ఏ పన్నైనా మెల్లగా లేస్తూ పోతుంది, తనకి తగిలేది ఏదో వెతుక్కుంటున్నట్టు. ఆవిడ నోరు మూసినప్పుడల్లా మొదట ఆ ఒక్క పన్నే ప్లేటుకి తగుల్తుంది, ఆ పక్క పొడుచుకుని రెండో పక్క లేస్తుంది, గాలి దూరుతుంది, పట్టు వదిలేస్తుంది. దాన్ని సరిచేయకుండా ఎన్ని సెట్లు కట్టినా ఇదే కథ. కొలత తీసేముందు కింద పళ్ళ వరస ఎవరైనా చూశారా, అరగదీశారా అని మీ ఉత్తరంలో వెతికాను, ఎక్కడా లేదు.

మూడోది ముందు చిగురు మెత్తబడటం. వెనకాల దవడలతో నమలడానికి కింద ఆ ఒక్కటి తప్ప పళ్ళు లేవు కాబట్టి ఆవిడ పాపం అన్నీ ముందు పళ్ళతోనే నములుతున్నారు. ఆ దెబ్బ అంతా పైన ముందు ఎముక మీద పడి ఎముక కరిగిపోయి, దాని చోట మెత్తటి కండ మిగులుతుంది. ముందు ప్లేటు పైకి నొక్కుకుపోతుంది, వెనకాల కిందకి జారుతుంది. కింద ముందు పళ్ళు ఇంకా పైకి లేస్తాయి. ఇవన్నీ కలిసి ఒక వరసలో వస్తాయని 1972లో కెల్లీ అనే ఆయన రాశారు, దీన్ని కాంబినేషన్ సిండ్రోమ్ అంటారు. ఆ పేరు మీరు గుర్తు పెట్టుకోండి, డాక్టరు దగ్గర ఆ మాట అంటే ఈ ఇంట్లోవాళ్ళు విషయం తెలుసుకుని వచ్చారని ఇంకొంచెం ఓపిగ్గా మాట్లాడతారు.

నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో బొబ్బిలి వైపు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఇలాగే వచ్చారు, కింద పళ్ళన్నీ రాళ్ళలా ఉన్నాయి. నేను పై సెట్టు ఎంతో శ్రద్ధగా కట్టాను, కింద వరస ముట్టుకోలేదు, మంచి పళ్ళు అరగదీయడం ఎందుకని. ఏడాదిలో మూడుసార్లు విరిగింది. మూడోసారి ఆయన ఏమీ అనకుండా ముక్కలు కాగితంలో చుట్టి నా టేబుల్ మీద పెట్టి కూర్చున్నారు, ఆ మౌనం నాకింకా గుర్తుంది. అప్పుడు కింద పళ్ళ అచ్చు తీసి చేతిలో పట్టుకుని చూస్తే వరస అలలా ఉంది. అది సరిచేసి కట్టాక నాలుగో సెట్టు ఏళ్ళ తరబడి నిలిచింది. అప్పట్నించీ పై సెట్టు కోసం ఎవరొచ్చినా ముందు కింద దవడే చూస్తాను.

ఇప్పుడు మీ ముందున్న దారులు ఒక్కొక్కటీ మాట్లాడుకుందాం.

పెద్దబ్బాయి సరే అన్న దారి, కింద అన్నీ పీకేయడం. దీంట్లో నిజం లేకపోలేదు, రెండు సెట్లు అయితే పై సెట్టు విరగడం తగ్గుతుంది, ఖర్చూ తక్కువే. కానీ కింద ఫుల్ సెట్టు అంటే ఏంటో ఎవరైనా ఆవిడకి చెప్పారా? పై సెట్టుకి అంగిలంత చోటు ఉంటుంది పట్టుకోవడానికి, కింద సెట్టుకి గుర్రపు నాడాలాంటి సన్నటి గట్టు ఒక్కటే, దాని మధ్యలో నాలుక ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. సెట్టు కట్టించుకుని డబ్బాలో పెట్టేసేవాళ్ళలో ఎక్కువమంది పెట్టేసేది కింద సెట్టే. పైగా పళ్ళు తీశాక కింది ఎముక పై ఎముక కంటే దాదాపు 4 రెట్లు ఎక్కువ కరుగుతుందని పాతికేళ్ళు వెంటపడి చూసిన పరిశోధన ఉంది. అంటే ఇవాళ పీకితే ఆవిడకి 73 ఏళ్ళు వచ్చేసరికి ఆ కింద సెట్టు కూర్చోవడానికి గట్టే మిగలకపోవచ్చు. పీకిన పన్ను మళ్ళీ రాదు, మిగతా నిర్ణయాలు ఏవైనా తర్వాత మార్చుకోవచ్చు, ఇది మార్చలేం. కింద పళ్ళు కదులుతూ, చీము కారుతూ, ఎక్స్‌రేలో ఎముక సగం పైన పోయి కనిపిస్తే అప్పుడు నేనే పీకమంటాను. అప్పుడైనా రెండు కోర పళ్ళని వదిలిపెట్టమంటాను, వాటికి రూట్ కెనాల్ చేసి పొట్టిగా కోసి వాటి మీద సెట్టు కూర్చోబెడితే ఎముక అంత తొందరగా కరగదు, పట్టూ బాగుంటుంది. ఇది చాలామందికి చెప్పరు, మీరు అడగండి.

చిన్నబ్బాయి దారి ఇంప్లాంట్లు. మంచి వైద్యమే, పై సెట్టు పట్టుకోవడానికి మామూలుగా 4 ఇంప్లాంట్లైనా కావాలి. కానీ ముందు ఎముక కరిగి చిగురు మెత్తబడిందంటున్నారు కాబట్టి అక్కడ ఎముక ఎంత ఉందో స్కాన్ తీస్తే గానీ తెలియదు, ఎముక లేకపోతే ఎముక పెట్టే ఆపరేషన్, ఇంకో ఖర్చు, ఇంకో ఆరు నెలలు. షుగరు కంట్రోల్‌లో ఉండాలి, మూడు నెలల షుగరు పరీక్ష చేయించకుండా ఎవరైనా ఇంప్లాంట్ మొదలెడదాం అంటే లేచి వచ్చేయండి. పెళ్ళిలోపు అయ్యే పని అయితే కాదు. ఇంకో విషయం కూడా వినండి, కింద వరస సరిచేయకపోతే ఇంప్లాంట్ల మీద కట్టిన ప్లేటు కూడా విరుగుతుంది, కింది పళ్ళ బలం తగ్గదు కదా. కాబట్టి చిన్నబ్బాయి మాట తప్పని నేను అనను, దాని టైం ఇంకా రాలేదు అంటాను. కింద వరస పని ఎలాగూ చేయాలి, అది చేశాక ఏడాది చూసి అప్పటికీ పై సెట్టు నిలవకపోతే అప్పుడు ఇంప్లాంట్లు ఆలోచించుకోవచ్చు, అప్పటికి అన్నదమ్ములు కూడా చల్లబడతారు.

నా మనసు మొగ్గేది మధ్య దారి. మొదట ఆ దవడ పన్ను. కొంచెమే లేచి ఉంటే అరగదీస్తే చాలు, బాగా లేచి ఉంటే రూట్ కెనాల్ చేసి పొట్టి చేసి క్యాప్ వేయాలి, మరీ పై చిగురుకే తగిలేంత లేచి ఉంటే ఆ ఒక్కటీ తీసేయడమే మేలు. ముందు 8 పళ్ళలో కూడా ఎత్తుపల్లాలు ఉంటే కొద్దిగా సమం చేస్తారు, పైపొర వరకే కాబట్టి నొప్పి ఉండదు. తర్వాత కింద వెనకాల ఖాళీలకి తీసి పెట్టుకునే పార్షియల్ సెట్టు. ఇదే అసలు కీలకం, మీ అత్తగారికి ఇప్పటివరకు ఎవరూ కట్టనిదీ ఇదే. కింద వెనకాల పళ్ళు వస్తే ఆవిడ దవడలతో నమలడం మొదలెడతారు, ముందు ఎముక మీద భారం తగ్గుతుంది. పై కొత్త సెట్టు కట్టేటప్పుడు మామూలుగా నోరు మూస్తే వెనక పళ్ళు రెండు పక్కలా ఒకేసారి కలవాలి, ముందు పళ్ళు కలవకూడదు, తగిలీ తగలనట్టు ఉండాలి. నీలం కాగితం పెట్టి కొరికిస్తారు చూడండి, దాంట్లో మచ్చలు రెండు పక్కలా సమానంగా పడ్డాయో లేదో మీరే అద్దంలో చూపించమని అడగండి, తప్పేం లేదు.

కొలత తీసేటప్పుడు ముందు మెత్తటి చిగురుని నొక్కకుండా తీయాలి, అక్కడ ట్రేకి కిటికీలా కోసి పల్చటి మందుతో విడిగా తీసే పద్ధతి ఉంది. నొక్కేసి తీస్తే సెట్టు పెట్టిన పది నిమిషాలు బాగుంటుంది, తర్వాత ఆ కండ స్ప్రింగులా మళ్ళీ తోసేస్తుంది. ప్లేటు మామూలు ప్లాస్టిక్ కాకుండా అంగిలి భాగం పల్చటి లోహంతో, కోబాల్ట్ క్రోమియం అంటారు, చేయించుకోవచ్చు. మధ్యలో విరిగే భయం దాదాపు పోతుంది, పల్చగా ఉంటుంది కాబట్టి మాట తేలిగ్గా వస్తుంది, వేడీ చల్లనా అంగిలికి తెలుస్తుంది, అన్నం రుచి తెలుస్తోంది అని సంబరపడినవాళ్ళని చూశాను. ఇబ్బంది ఏంటంటే ఖర్చు ఎక్కువ, బరువు కొంచెం ఎక్కువ, రేపు చిగురు ఇంకా కరిగితే లోపల పొర వేసి సరిచేయడం ప్లాస్టిక్ అంత తేలిక కాదు. డబ్బు కుదరకపోతే గట్టి రకం ప్లాస్టిక్‌లో లోహపు జాలీ పెట్టి కట్టించండి, అదీ పనికొస్తుంది. పళ్ళు మాత్రం పింగాణీవి వద్దు, అవి కింద సొంత పళ్ళని అరగదీసేస్తాయి. ప్లాస్టిక్ పళ్ళైతే అవే అరుగుతాయి, కొన్నేళ్ళకి మార్చుకోవాలి, కానీ అరిగేది మనం కొన్న పన్ను, దేవుడిచ్చిన పన్ను కాదు.

దీనికి అయిదారు సార్లు తిరగాలి, ఒకటి రెండు విజిట్లలో ఇచ్చేస్తాం అనేవాళ్ళ దగ్గర ఈ కేసు పెట్టొద్దు. శ్రీకాకుళంలోనే డెంటల్ కాలేజీ ఉంది, విశాఖ వైపు సంగివలసలోనూ రుషికొండలోనూ ఉన్నాయి, అక్కడ సెట్ల కోసమే ప్రోస్థోడాంటిక్స్ అని విడిగా విభాగం ఉంటుంది. పీజీ పిల్లలు చేస్తారు, పైన ప్రొఫెసర్లు చూస్తారు, టైం ఎక్కువ పడుతుంది గానీ బయట కంటే ఖర్చు తక్కువ, ఇలాంటి కష్టమైన కేసు అంటే వాళ్ళు ఇష్టంగా తీసుకుంటారు. పలాస నుంచి రైల్లో పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు.

నాలుగో దారి ఆవిడ చెప్పింది, ఏ సెట్టూ వద్దని. అది కూడా ఒక దారే, చాలామంది పెద్దవాళ్ళు చిగుళ్ళతో చోడి అంబలి, మెత్తటి అన్నం, పప్పు, ఉడికించిన చేప తిని హాయిగానే ఉన్నారు. కానీ పైన ఏమీ లేకపోతే ఆ కింద 8 పళ్ళు నేరుగా పై చిగురులో దిగుతాయి, పుండ్లు పడతాయి, ఇంకా లేస్తాయి. షుగరు ఉన్న మనిషి గంజి మీద బతకడం కూడా మంచిది కాదు, గంజి తొందరగా షుగరు పెంచుతుంది, కూరలూ పప్పులూ తగ్గిపోతాయి. ఆవిడ నిజంగా సెట్టు వద్దనుకుంటే గౌరవిద్దాం, కానీ నాకు ఆ మాటలో సెట్టు మీద విసుగు కంటే కంచంలో పడిన రోజు అవమానం ఎక్కువ వినిపిస్తోంది.

పెళ్ళి సంగతికొద్దాం. కొత్త సెట్టు ఆ లోపు తొందరపడి కట్టించకండి. ఇవాళ్టి నుంచి రాత్రిళ్ళు సెట్టు తీసి మామూలు నీళ్ళలో వేయాలి, వేడి నీళ్ళు పోస్తే వంగిపోతుంది. పేస్టు వద్దు, మెత్తటి బ్రష్షు, ఒంటి సబ్బు చాలు. అంగిలిని వేలికి తడి గుడ్డ చుట్టి రోజూ తుడవాలి. పరీక్షలో ఫంగస్సే అని తేలితే డాక్టరు మందు రాస్తారు, రెండు వారాల్లో ఎరుపు తగ్గుతుంది. అదే సమయంలో ఆ దవడ పన్ను అరగదీయించి, ఇప్పుడున్న రెండో సెట్టు లోపల మెత్తటి మందు పొర వేయించండి, అది చిగురుకి తగ్గట్టు సర్దుకుని కొన్ని వారాలు పట్టు ఇస్తుంది, పెళ్ళికి పది రోజుల ముందు మళ్ళీ కొత్త పొర వేయించండి. పెళ్ళిలో ఫోటోలకి, పలకరింపులకి, మెత్తటి భోజనానికి అది సరిపోతుంది. అరిసె ముక్కలు చేసి వెనక్కి పెట్టుకుని రెండు పక్కలా నమలమనండి, ముందు పళ్ళతో కొరకొద్దు. సెట్టు జారే భయం ఉంటే మందుల షాపులో దొరికే సెట్టు పౌడరు ఆ రెండు రోజులకి చల్లుకోవచ్చు.

మీ ఉత్తరం చివర్లో ఒక లైను రాసి వదిలేశారు, చిగురు నొప్పికి షాపులో బిళ్ళలు తెచ్చి రోజూ ఇస్తున్నాం అని. దయచేసి అది ఆపండి. మీది ఉద్దానం పక్క, కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళలో ఉందో నాకంటే మీకే బాగా తెలుసు, దానికి షుగరు తోడుంది. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్ళలు రోజూ వేసుకుంటే కిడ్నీలకి దెబ్బ. ఒకసారి కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించండి, నొప్పి మరీ ఎక్కువైతే డాక్టరుని అడిగి పారాసెటమాల్ వాడండి. నిజానికి ఆ నొప్పికి మందు బిళ్ళ కాదు, ప్లేటు పొడుస్తున్న చోట అరగదీయడం, రాత్రి తీయడం. బ్లేడుతో, గరుకు కాగితంతో ఇంట్లో గీకొద్దు.

ఇక ఇంట్లో మాట. మీరు నోరు తెరిస్తే పెత్తనం అంటారన్నారు. కాబట్టి నిర్ణయం మీరు చెప్పకండి, ప్రశ్నలు మీరు అడగండి. డాక్టరు దగ్గరికి మీరూ, అత్తగారూ, పెద్దబ్బాయి ముగ్గురూ వెళ్ళండి, అక్కడ డాక్టరునే అడగండి, ఈ 8 పళ్ళు ఎన్నేళ్ళు ఉంటాయి, ఎక్స్‌రేలో ఎముక ఎంతుంది, దవడ పన్ను ఏం చేద్దాం, కింద పార్షియల్ కట్టొచ్చా అని. జవాబులు డాక్టరు నోటి నుంచి వస్తే మీ ఆయన వింటారు. చిన్నబ్బాయిని ఫోన్లో కలపండి, లక్షలు కాదు ముందు ఈ మధ్య దారికి అయ్యే ఖర్చులో సగం పెట్టమనండి, అమ్మకి ఏదో పెద్దది చేయాలన్న ఆ అబ్బాయి ఆశ కూడా మంచిదే, దాన్ని కొట్టిపారేయొద్దు.

అత్తగారితో మాత్రం వీళ్ళెవరూ లేనప్పుడు మాట్లాడండి. కింద పళ్ళు పీకరు అని మొదట ఆ ఒక్కటి చెప్పండి, మిగతావన్నీ తర్వాత. కొన్నాళ్ళు ఆవిడ వంటింట్లో తింటానంటే తినమనండి, కానీ ఒక్కతినీ వదలకండి, మీ కంచం కూడా అక్కడికే తెచ్చుకుని ఆవిడ పక్కన కూర్చోండి. మనవడిని తిట్టొద్దు, వాడికి చిన్నప్పుడు పాలపళ్ళు ఊడినప్పుడు నాయనమ్మ ఏం చేసిందో గుర్తు చేస్తే వాడే వెళ్ళి కూర్చుంటాడు.

కాలేజీకి వెళ్ళే రోజు విరిగిన మొదటి సెట్టు ముక్కలూ, ఇప్పటి సెట్టూ రెండూ సంచిలో వేసుకెళ్ళండి, పారేయకండి. ఏ పన్ను ఎక్కడ అరిగిందో, చీలిక ఎక్కడ మొదలైందో ఆ ముక్కల్లో కనిపిస్తుంది. అంగిలి పరీక్షలో ఏం చెప్పారో మాత్రం నాకు తప్పకుండా రాయండి, ఎదురుచూస్తుంటాను.